మెత్తని చేయి

ఆయన పోయిన పదకొండో రోజు ఘుగ్గుస్ చర్చి సంఘంలో ఆదరణ కూటం పెట్టారు. ఏడుగురు లేచి మాట్లాడారు. ఏడుగురూ ఆయన చేతి గురించే మాట్లాడారు. ఎంత మెత్తని చేయి, ఎంత చల్లని చేయి, సూది గుచ్చినా చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. బొగ్గు గనిలో లోడర్ నడిపే ఒకాయన మైకు పట్టుకుని, "నా ముక్కుల పుల్ల పెట్టిండో పెట్టలేదో గూడ నాకు తెల్వకపాయె" అన్నాడు. అందరూ నవ్వారు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. నేను వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాను.

పాస్టరు గారు నా వైపు చూసి, ఆయనతో కలిసి పనిచేసినదానివి, నువ్వూ రెండు మాటలు చెప్పమ్మా అన్నారు. గొంతు బాగాలేదని చెప్పాను. చావు కూటంలో అబద్ధమాడానన్న బాధ నాకేమీ లేదు. ఆ రోజు అక్కడ అందరికన్నా చిన్న అబద్ధం నాదే.

నేను చంద్రపూర్‌లో ఒక ప్రైవేటు ల్యాబ్‌లో టెక్నీషియన్ని. ఆయన మా ల్యాబ్ తరఫున ఘుగ్గుస్‌లో నమూనాలు తీసేవాడు. రక్తం, కఫం, ఆ పెద్ద రోగం వచ్చినప్పటి నుంచి ముక్కు పుల్లలు. రోజూ మధ్యాహ్నానికి ఆయన పంపిన ఐసు డబ్బా మోటార్ సైకిల్ మీద మా దగ్గరికి వచ్చేది. మూత తీయగానే ముందు ఖర్రా వాసన కొట్టేది. పొగాకు, వక్కలు, సున్నం ప్లాస్టిక్ కాగితంలో వేసి అరచేతుల మధ్య గంటసేపు నలిపి దవడన పెట్టుకుంటారు మా వైపు. ఆయన ఆ నలుపుడు ఎప్పుడూ ఆపేవాడు కాదు. ఎవరైనా లోపలికి వస్తే ఖర్రా కాగితం కోటు జేబులో దోపి, అదే చేతులకు గ్లౌజులు ఎక్కించుకునేవాడు. మనిషి వెళ్ళిపోగానే గ్లౌజులతోనే కాగితం బయటికి తీసి మళ్ళీ నలిపేవాడు. నేనే కళ్ళారా చూశాను. చెబితే, "నోట్లకు పొయ్యేది నాదే గదా బిడ్డా, నీకేం నొప్పి" అన్నాడు.

అందరికీ ఆయన కాక. మరాఠీ వాళ్ళకూ కాకానే, మనకూ కాకనే. సెల్‌ఫోన్ల కొట్టుకూ వెల్డింగ్ షాపుకూ మధ్య ఒక షట్టరు గది. బొగ్గు లారీలు పోతుంటే ఆ గదిలోకి దుమ్ము తెరలు తెరలుగా వచ్చేది. గుమ్మానికి తడి గుడ్డ వేలాడదీసేవాడు. పొద్దున తెల్లగా ఉన్న గుడ్డ మధ్యాహ్నానికి నల్లబడేది. ఆయన తెల్లకోటు సంగతి చెప్పక్కర్లేదు. ఆ కోటు వేసుకున్నాక ఊళ్ళో ఆయన నడకే మారిపోయిందనేది మా అమ్మ. కూరగాయల బజారుకు కూడా అదే కోటుతో వెళ్ళేవాడు.

పుల్ల తీయడం ఆయనకు ఒక తంతు. మనిషిని కూర్చోబెట్టి, బుగ్గ మీద రెండుసార్లు తట్టి, "కండ్లు మూసుకో, దేవుని తల్సుకో" అనేవాడు. హిందువులైనా, ముస్లింలైనా అదే మాట. వాళ్ళు కళ్ళు మూసుకునేలోపల పుల్ల ముక్కు అంచున రెండు చుట్లు తిరిగి గొట్టంలో పడిపోయేది. చిన్నపిల్లల ముక్కు కొంగుతో తుడుస్తామే, అంతే. "అయిపాయె, లే" అనేవాడు. వాళ్ళు కళ్ళు తెరిచి, ఇంకా తీయలేదా అని అడిగితే ఆయనకు అంతకన్నా ఆనందం లేదు. ఎర్రనల్లని పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, "పుల్లతోని మనిషిని ఏడిపిస్తె ఏమొస్తది" అనేవాడు. ఈ మాట నేను వందసార్లు విని ఉంటాను.

నా చేతికి చంద్రపూర్‌లో వేరే పేరుంది. రాక్షసి అంటారు. ముక్కు పుల్ల పైకి పోకూడదు, నేరుగా వెనక్కి పోవాలి. ముక్కుకూ చెవికీ మధ్య ఉన్న దూరంలో సగం లోపలికి వెళ్ళి, వెనక గోడకు తాకి, అక్కడ కాసేపు ఆగి, మెల్లగా తిరిగి బయటికి రావాలి. కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఒకావిడ నా మణికట్టు గిచ్చి రక్తం తెప్పించింది. ఒకాయన మరాఠీలో మా అమ్మను కూడా కలిపి తిట్టాడు. వైరస్ ఉండేది అక్కడ. అక్కడికి వెళ్ళకుండా దాన్ని ఎవరూ తీసుకురాలేరు.

ఘుగ్గుస్‌లో మాత్రం ఆయన చేతికి మొక్కేవాళ్ళు. గని కాంట్రాక్టర్లు మనుషులను బండ్లలో ఎక్కించి ఆయన దగ్గరికే పంపేవారు. రోగం లేదన్న కాగితం ఉంటే పనిలోకి రానిస్తారు, ఉందంటే వారం ఇంట్లో కూర్చోబెడతారు. వారం కూర్చోవడం పనివాడికీ ఇష్టం లేదు, కూర్చోబెట్టడం కాంట్రాక్టరుకూ ఇష్టం లేదు. ఎవరికి ఏం కావాలో ఆయన అదే ఇచ్చేవాడు. క్రిస్మస్‌కు ఆయన ఇంటికి వచ్చినన్ని కేకులు పాస్టరు గారింటికి కూడా వచ్చేవి కావు.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే నేనూ ఆ మైకు పట్టుకున్న ఏడుగురిలో ఒకదాన్నే అవుతాను.

మొదట్లో మా దగ్గర పాత పద్ధతి ఉండేది. నమూనా పెడితే ఫలితం రావడానికి సగం రోజు పట్టేది, చేతులు పడిపోయేవి. కానీ ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది. వైరస్ ఉందా అని చూడడంతో పాటు, అసలు ఈ పుల్ల మీద మనిషి కణాలు ఉన్నాయా అని కూడా చూసేది. లేకపోతే 'మళ్ళీ తీయండి' అని రాసి పంపేవాళ్ళం. ఘుగ్గుస్ డబ్బాలో ప్రతిరోజూ అలాంటివి కొన్ని ఉండేవి. ఫోన్ చేస్తే ఆయన, "దుమ్ము బిడ్డా. ఈడ ముక్కులల్ల అంత దుమ్మే. పుల్లకు దుమ్మంటుకుంటే నీ మిషిన్‌కు మనిషెట్ల కనవడ్తడు" అనేవాడు. నేను నమ్మాను. బొగ్గు ఊళ్ళలో పెరిగినవాళ్ళం మేం. దగ్గొస్తే దుమ్ము, కళ్ళు మండితే దుమ్ము, ఉతికిన బట్టలు నల్లబడితే దుమ్ము. దుమ్మని చెబితే ఇక్కడ ఎవరూ రెండో ప్రశ్న అడగరు. చదువుకున్నదాన్ని, నేనూ అడగలేదు.

తర్వాత కొత్త యంత్రం వచ్చింది. మా ఓనరు దానికి దండ వేసి కొబ్బరికాయ కొట్టాడు. పుల్ల నానిన గొట్టంలోని నీళ్ళు కొద్దిగా ఒక డబ్బీలో పోసి మూత పెట్టి యంత్రంలో తోస్తే చాలు. గంటలోపల నాలుగు రకాల వైరస్‌లు ఉన్నాయో లేవో ఒకేసారి చెప్పేస్తుంది. పాత పద్ధతికి చిక్కనంత కొంచెం వైరస్ ఉన్నా పట్టేస్తుంది. జ్వరం వచ్చిన రోజే మందు మొదలుపెట్టొచ్చని డాక్టర్లు సంబరపడ్డారు. నేనూ పడ్డాను. అయితే ఆ యంత్రం తన మందులు సరిగ్గా పనిచేశాయా లేదా అన్నదే చూసుకుంటుంది. పుల్ల మీద మనిషి ఉన్నాడా లేడా అని అడగదు. ఉత్త నీళ్ళు పోసినా, వైరస్ లేదని గంటలో శుభ్రంగా చెబుతుంది. ఆ సంగతి దాంతో వచ్చిన పుస్తకంలో ఉంది. చదివాను కూడా.

ఆ నెల నుంచి ఘుగ్గుస్‌కు 'మళ్ళీ తీయండి' అన్న కాగితం ఒక్కటీ పోలేదు. కాక పని బాగుపడిందని ఓనరు ఆయన్ని చంద్రపూర్ పిలిపించి శాలువా కప్పాడు. ఖర్రా దవడన పెట్టుకుని, శాలువా మీద కారకుండా మూతి బిగించి ఆయన ఫోటోకు నిలబడ్డాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులంటే నాకే అసహ్యం.

మా నాన్న భూగర్భ గనిలో పనిచేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము. చివరి రెండేళ్ళూ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే మంచం మీద ఉన్నాడు. మామూలు జలుబు కూడా ఆయన తట్టుకోలేడని డాక్టరు ముందే చెప్పాడు. అందుకని మా ఇంట్లో నేనొక నియమం పెట్టాను. ఎవరికి ముక్కు కారినా పరీక్ష చేయించుకుని, కాగితం నేను చూశాకే నాన్న గదిలోకి వెళ్ళాలి. చుట్టాలు నవ్వారు. కూతురు ల్యాబ్‌లో పనిచేస్తే గిట్లనే ఉంటదని నాన్న కూడా నవ్వాడు.

తమ్ముడు ఘుగ్గుస్ దగ్గర సిమెంటు కంపెనీలో పని. ఒక ఆదివారం నాన్నను చూడడానికి చంద్రపూర్ బయల్దేరుతూ, కొంచెం ఒళ్ళు వెచ్చగా ఉందక్కా అని ఫోన్ చేశాడు. కాక దగ్గర పుల్ల ఇచ్చి రమ్మన్నాను. వాడు వచ్చేటప్పుడు గొట్టం కూడా తనే పట్టుకొచ్చాడు. నేనే యంత్రంలో పెట్టాను. గంట తిరక్కుండా నాలుగు వైరస్‌లకూ లేదు, లేదు, లేదు, లేదు అని వచ్చింది. నేనే కాగితం తీసి సంతకం పెట్టాను. "పోరా, నాయిన దగ్గర కూసో" అన్నాను.

కూర్చున్నాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. నాన్నకు జావ తాగించాడు, గడ్డం గీశాడు, మొహం దగ్గర మొహం పెట్టి ఫోన్‌లో పిల్లల వీడియోలు చూపించాడు. బుధవారం నాన్నకు జ్వరం వచ్చింది. నేనే పుల్ల తీశాను. ఫ్లూ. తమ్ముడిని పిలిచి వాడికీ నా చేత్తోనే తీశాను. ఫ్లూ, అదీ దండిగా. ఆదివారం నాటి వాడి గొట్టం ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. మూలన పడేసిన పాత పద్ధతి మందులు బయటికి తీసి, ఆ గొట్టం అందులో నడిపించాను. సగం రోజు అక్కడే నిలబడ్డాను. అందులో వైరస్ లేదు. దుమ్మూ లేదు. మనిషి కణమన్నదే లేదు. తమ్ముడి పేరు రాసి ఉన్న ఆ గొట్టంలో ఉత్త నీళ్ళున్నాయి.

మర్నాడు నాన్నను ఐసీయూలో వదిలి ఘుగ్గుస్ వెళ్ళాను. ఆయన ఖర్రా నలుపుతూ కూర్చున్నాడు.

"కాకా, తమ్మునికి పుల్ల ఎంత లోపలికి పెట్టినవ్?"

"ఎంత పెట్టాల్నో అంత పెట్టిన. ఏమైంది బిడ్డా?"

ఆదివారం నాటి కాగితం, పాత పద్ధతి కాగితం రెండూ బల్ల మీద పెట్టి, నాన్న సంగతి చెప్పాను. నలుపుతున్న చేతులు ఆగాయి. మొహం ముడుచుకుపోయింది. ఏడుపు మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు, ముక్కు చీమిడి, దవడ నుంచి కారుతున్న ఎర్రటి ఉమ్మి అన్నీ కలిసి కోటు మీద పడుతున్నాయి. "నేనేమన్న డాక్టర్ సదువు సదివిన్నా బిడ్డా? ఎంత లోపలికి పోవాల్నో నాకెవలు చెప్పిండ్రు? సిన్నప్పటి సంది సూది అంటె భయపడే పిలగాడు, నొప్పి తెల్వొద్దని మెత్తగ తీసిన" అన్నాడు.

కొట్టాలని వెళ్ళినదాన్ని, అక్కడే చల్లబడిపోయాను. నిజమే కదా అనిపించింది. మా ల్యాబ్ ఆయనకు ఒక తెల్లకోటూ ఒక పెట్టె పుల్లలూ ఇచ్చింది. నేర్పించింది ఎవరు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వచ్చి ఇలా తీయాలి కాకా అని నేను చూపించానా? కోపంలో సగం నా మీదికే తిరిగింది. ఆయన ఎదుట ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక పుల్ల విప్పి, నా ముక్కులో నేనే పెట్టుకుని చూపించాను. ఎక్కడిదాకా పోవాలో వేలితో కొలిచాను. ఆయన కళ్ళు తుడుచుకుని, ముందుకు వంగి, నోరు తెరుచుకుని చూశాడు.

"గింత లోపలికా బిడ్డా?" అన్నాడు.

నా కళ్ళలో నీళ్ళు కారుతుంటే తలకాయ ఊపాను.

జ్వరం వచ్చిన ఎనిమిదో రోజు నాన్న పోయాడు. సమాధుల తోటలో అందరికన్నా గట్టిగా ఏడ్చింది కాకే. మూడు పిడికిళ్ళ మట్టి వేసి, ఆ చేతులతోనే నా తల నిమిరాడు. ఇంటికొచ్చి రెండుసార్లు తలంటుకున్నా ఆ ఖర్రా వాసన పోలేదు. అయినా ఆయన్ని క్షమించాలనే ప్రయత్నించాను. ముసలాయన, చదువు లేదు, ఎవరూ నేర్పలేదు. ఈ మూడు మాటలూ ప్రతి ఆదివారం ప్రార్థనలో నాకు నేనే చెప్పుకున్నాను. తమ్ముడికీ చెప్పాను. వాడు, "నేనే ఆయిన్ని మెత్తగ తియ్యమన్న అక్కా" అన్నాడు. ఆ తర్వాత వాడు మా ఇంటికి రావడం తగ్గించాడు. వచ్చినా నాన్న గది వైపు చూడడు.

కొన్నాళ్ళు ఆయన నమూనాలను దొంగచాటుగా పాత పద్ధతిలోనూ చూశాను. మూడు నాలుగు వారాలు బాగానే ఉన్నాయి. తర్వాత మళ్ళీ నీళ్ళే. ఓనరుకు చెప్పాను. కాక దగ్గరికి వచ్చినంతమంది ఇంకెవరి దగ్గరికీ రారు, ఆ ఊళ్ళో గొడవ పెట్టకు అన్నాడు. అనుమానం వచ్చినవాటి మీద 'నమూనా చాలదు' అని నేనే రాసి పంపడం మొదలుపెట్టాను. ఘుగ్గుస్ నుంచి ఫోన్లు చేసి తిట్టారు. ఇన్నొద్దులు కాక తీసిన పుల్లకు రిపోర్టు వచ్చింది, ఇప్పుడు నీకెందుకు రాదు అని ఒక కాంట్రాక్టరు గుమాస్తా అరిచాడు. అప్పుడు కూడా నేను, ముసలి చేయి కదా, కొత్త పని పట్టుబడదులే అనే అనుకున్నాను. నా కోపానికి ఆ ఒక్క మాటే అడ్డం పడుతూ వచ్చింది. తెలియక చేశాడన్న మాట.

కాక పోయింది గుండె ఆగి. పొద్దున స్నానానికి వెళ్ళి అక్కడే కూలబడ్డాడట.

ఆదరణ కూటమైన నెలకు ఆయన భార్య మా ల్యాబ్‌కు వచ్చింది. ఆమెను నేను చిన్నమ్మ అంటాను. చంద్రపూర్‌లో ఉన్న కూతురికి కాన్పయింది. ఈమెకు రెండు రోజులుగా దగ్గు, ఒళ్ళు నొప్పులు. పసిబిడ్డను ఎత్తుకోవాలని ప్రాణం లాగుతున్నా ఆ ఇంటి గుమ్మం బయటే చెప్పులు విడవకుండా నిలబడి, అటునుంచి అటే నా దగ్గరికి వచ్చింది.

"పసిపిల్ల ఉన్న ఇల్లు బిడ్డా. సరిగ్గ చూసి చెప్పు" అంది.

కుర్చీ చూపించాను. ఘుగ్గుస్ వాళ్ళు వస్తే మొదట అడిగేది ఒకటే, మెత్తగా తీయమని. ఈమె అడగలేదు. వెనక్కి జరిగి, గోడకు తల ఆనించి, గడ్డం కొంచెం పైకెత్తి, కదలకుండా కూర్చుంది. చెప్పకుండా అలా కూర్చున్న మనిషిని నా ఇన్నేళ్ళ పనిలో నేను చూడలేదు. పుల్ల లోపలికి పోనిచ్చాను. గోడ తగిలింది. ఆగాను, తిప్పాను. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది గానీ తల కదిలించలేదు. ఎడమ కంటి నుంచి నీళ్ళు చెంప మీదికి కారాయి.

నాకు ఎక్కడో ఒక చెడ్డ సంతోషం కలిగింది. దాచుకోలేకపోయాను. "నొచ్చిందా చిన్నమ్మా? కాక లెక్క మెత్తగ తీసుడు నాకు రాదు" అన్నాను.

ఆమె కొంగుతో కన్ను తుడుచుకుంది. "కాకది మెత్తన ఎక్కడిది బిడ్డా? గా మెత్తన బయటోళ్లకు. మా ఇంట్ల ఎవలకు తీసినా గిట్లనే కండ్ల నీళ్లొచ్చేటియి. నీళ్లు రాకపోతె పుల్ల తాకలేదని మల్ల తీసేటోడు."

పుల్ల నా చేతిలోనే ఉంది. "ఎప్పటి సంది చిన్నమ్మా?" అన్నాను. మా నాన్న పోయాక నేర్చుకున్నాడని ఆమె చెబుతుందేమోనని నాలో ఏదో ఇంకా ఆశపడింది.

"గా పెద్ద రోగమొచ్చినప్పటి సంది గంతే" అంది.

పుల్ల గొట్టంలో పెట్టి విరిచాను. గొట్టం మీద ఆమె పేరు రాశాను. డబ్బీలో పోసి యంత్రంలో తోశాను. ఆ గంటా ఆమె బెంచీ మీద కూర్చుని, ఆయన ఎంత మంచివాడో, ఊరంతా ఎలా ఏడ్చిందో చెబుతూనే ఉంది. నాకు మాత్రం ఆ షట్టరు గదీ, ప్లాస్టిక్ కుర్చీలో నా ముక్కులో నేను పుల్ల పెట్టుకుని కూర్చోవడం, నోరు తెరుచుకుని చూసిన ఆ మొహమే కనబడుతున్నాయి. గింత లోపలికా బిడ్డా అన్నాడు. అవతల మా నాన్న ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు.

నాలుగు వైరస్‌లకూ లేదని వచ్చింది. ఆమె పుల్లను పాత పద్ధతిలో చూడాల్సిన పని లేదు, దాని మీద మనిషి ఉందని నా చేతికి తెలుసు. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చాను. నీ చేయి సల్లగుండ అని దీవించి, మనవరాలిని ఎత్తుకోవడానికి ఆమె గబగబా మెట్లు దిగి వెళ్ళింది. నేను బేసిన్ దగ్గరికి వెళ్ళి ఉమ్మేసి, నీళ్ళు వదిలి, అది పూర్తిగా కొట్టుకుపోయేదాకా అక్కడే నిలబడ్డాను.